ఎనభై ఏళ్లు దాటిన సూపర్‌మ్యాన్ కార్టూన్లు ఇంకా ఎందుకు నిలబడ్డాయి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 1941 నాటి సూపర్‌మ్యాన్ కార్టూన్ ఒకటి అనుకోకుండా పెడితే మీ ఎనిమిదేళ్ల బాబు కదలకుండా కూర్చుని చూశాడు. వాడికి ఇంగ్లీషు అంతంత మాత్రం. మీరేమో 2డీ యానిమేషన్ నేర్చుకుంటున్నారు. అంత పాత బొమ్మలో ఏముంది, నేర్చుకోవాలంటే ఏ భాగాలు చూడాలి, ఎలా చూడాలి, క్లిప్పులు వాడుకుంటే కాపీరైట్ గొడవ వస్తుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ కార్టూన్లలో బరువు ఉంది. అందులో సూపర్‌మ్యాన్ ఏ పనీ పూచికపుల్ల తీసినట్టు చేయడు. పళ్ల బిగువున చేస్తాడు. పడతాడు, లేస్తాడు, మళ్లీ తోస్తాడు. బలం అనేది కంటికి కనిపించే వస్తువు కాదు, కష్టం కనిపిస్తుంది. ఆ సంగతి పట్టుకుని, ఒక్కో ఫ్రేములో దానికే డబ్బు పోశారు. కథలు చాలా మామూలువి, విలన్లు అట్టముక్కలు. అయినా చూడబుద్ధవుతుందంటే కారణం అదొక్కటే. రంగులు, సంగీతం, నీడలు వగైరా అన్నీ ఆ బరువుకు చాకిరీ చేసేవే.

ముందు లెక్కలు చూద్దాం, లేకపోతే మిగతాది గాల్లో మాటలవుతాయి.

మొత్తం 17 లఘుచిత్రాలు. మొదటిది 1941 సెప్టెంబరు 26న, చివరిది 1943 జూలై 30న విడుదలయ్యాయి. సినిమా హాల్లో అసలు సినిమాకి ముందు వేసేవి ఇవి, టీవీ కోసం తీసినవి కావు. ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పది నిమిషాలు. మొదటి తొమ్మిదీ మ్యాక్స్, డేవ్ ఫ్లైషర్ సోదరుల స్టూడియో మయామీలో తీసింది. పొపాయ్, బెట్టీ బూప్ తీసింది వీళ్లే. 1942లో ఈ కార్టూన్లను విడుదల చేసే పారమౌంట్ కంపెనీ ఆ స్టూడియోను తన చేతిలోకి తీసుకుని, అన్నదమ్ములిద్దర్నీ పక్కన పెట్టి, ఫేమస్ స్టూడియోస్ అని పేరు మార్చింది. మిగతా ఎనిమిదీ ఆ పేరు మీద వచ్చాయి. ఈ తొమ్మిది–ఎనిమిది విభజన గుర్తు పెట్టుకోండి, ఏవి చూడాలన్న దగ్గర పనికొస్తుంది.

బడ్జెట్ మొదటి చిత్రానికి 50 వేల డాలర్లు, తర్వాతి వాటికి సుమారు 30 వేలు. ఈ పని నెత్తికెత్తుకోవడం ఇష్టం లేక, పారమౌంట్ బెదిరిపోతుందని డేవ్ ఫ్లైషర్ లక్ష డాలర్లు అడిగాడని, వాళ్లు బేరమాడి సగానికి ఒప్పించారని సినిమా వాళ్లు చెప్పుకుంటారు. అప్పట్లో ఒక మామూలు కార్టూన్‌కు అది కనీవినీ ఎరగని ధర.

ఆ డబ్బు ఎక్కడికి పోయింది? ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. పది నిమిషాలంటే 600 సెకన్లు, 14,400 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే, అంటే మనవాళ్లు ‘టూస్ మీద’ అనే పద్ధతిలో, ఒక్క పాత్రకు ఒక్క పొరకే 7,200 బొమ్మలు. వేగంగా కదిలే చోట, కెమెరా కదిలే చోట వన్స్ మీద, అంటే ఫ్రేముకో బొమ్మ గీయాలి, అక్కడ రెట్టింపు. పాత్ర మీద ఒక పొర, నీడకు ఒక పొర, పొగకు ఒకటి, పేలుడు వెలుగుకు ఇంకొకటి. అన్నీ చేత్తో గీసి, సెల్ (పారదర్శకమైన రేకు) మీద ఇంకు పెట్టి, వెనకవైపు రంగు నింపి, ఎండాక కెమెరా కింద పెట్టి, ఒక్కో ఫ్రేము తీయాలి.

తర్వాత టీవీ కాలంలో ఈ ఖర్చు ఎవరూ పెట్టలేకపోయారు. దూరదర్శన్‌లో హీ-మ్యాన్ చూసిన తరానికి గుర్తుండే ఉంటుంది, కత్తి పైకెత్తే ఆ రూపం మార్పు ప్రతిసారీ అదే ఫుటేజ్. 1967 నాటి స్పైడర్‌మ్యాన్‌లో సాలెగూడు గీతలు ముసుగుకీ చేతులకీ బూట్లకీ పరిమితం చేసి ఒంటి మీద ఎత్తేశారు, గీత తగ్గితే ఇంకింగ్ ఖర్చు తగ్గుతుంది. అది తప్పని అనను. ఆ స్పైడర్‌మ్యాన్‌కు దాని అందం దానికుంది, పాటా నేపథ్యాలూ దాన్ని మోశాయి. కాకపోతే బరువు నేర్చుకోవాలంటే అక్కడ దొరకదు.

బరువు ఎలా తెచ్చారు

మొదటి చిత్రంలో (‘ద మ్యాడ్ సైంటిస్ట్’ అని కూడా పిలుస్తారు) కిరణాన్ని గుద్దే ఘట్టం తీసుకోండి. పిచ్చి శాస్త్రవేత్త కొండ మీద నుంచి ఒక కిరణం వదులుతాడు. అది తగిలి ఆకాశహర్మ్యం ఒరిగిపోతుంటే సూపర్‌మ్యాన్ దాన్ని నిలబెడతాడు. ఆ తర్వాత కిరణానికి ఎదురెళ్తాడు. వెలుతురును ఎవరైనా గుద్దగలరా? గుద్దుతాడు. ఒక గుద్దుకు కొంచెం వెనక్కి పోతుంది, మళ్లీ ముందుకొస్తుంది. మళ్లీ గుద్దు. అలా గుద్దుకు గుద్దు దాన్ని పుట్టినచోటి దాకా తోసుకుపోతాడు.

ఇది భౌతికశాస్త్రం ప్రకారం శుద్ధ అబద్ధం. కానీ కన్ను నమ్ముతుంది. ఎందుకంటే ప్రతి గుద్దుకూ మూడు ముక్కలున్నాయి: వెనక్కి లాక్కోవడం, తగలడం, తగిలాక వచ్చే ఎదురు తోపు. ఈ మూడోది చాలామంది కొత్తవాళ్లు వదిలేస్తారు. చెయ్యి తగిలింది, అవతలి వస్తువు ఎగిరిపోయింది, అంతే. కొట్టినవాడి ఒంటికి ఏమీ కాలేదు. దాంతో చేతిలో స్పాంజి పట్టుకుని కొట్టినట్టు ఉంటుంది. ఈ కార్టూన్‌లో గుద్దిన ప్రతిసారీ భుజం వెనక్కి వస్తుంది, తల ఒక క్షణం ఆలస్యంగా కదులుతుంది, కేప్ అంతకన్నా ఆలస్యంగా వచ్చి సర్దుకుంటుంది. ఎదుటిది బరువైనదని చెప్పడానికి దాన్నేం చేయనక్కర్లేదు, కొట్టినవాడి ఒంట్లో చూపిస్తే చాలు.

ఆరో చిత్రం ‘ద మాగ్నెటిక్ టెలిస్కోప్’లో ఒక ఖగోళ శాస్త్రవేత్త అయస్కాంతంతో తోకచుక్కను భూమి వైపు లాగుతాడు. మధ్యలో కరెంటు పోతుంది, చుక్క మీదికొస్తుంటుంది. సూపర్‌మ్యాన్ ఎదురెళ్తే దెబ్బ తిని కింద పడతాడు. చివరికి తెగిన తీగల రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, తన ఒంటి గుండానే కరెంటు పోనిస్తాడు. మహాబలవంతుడు చివరికి చేసేది లైన్‌మన్ పని! బలంతో కుదరలేదు, ఓర్చుకోవడంతో కుదిరింది. కథ పరంగా మొత్తం వరసలో నాకు నచ్చే ఘట్టం ఇదే.

మూడోది ‘బిలియన్ డాలర్ లిమిటెడ్’లో బంగారం మోసుకెళ్లే రైలును దొంగలు దోచుకోవాలని చూస్తారు. అందులో ఇంజను లేకుండా పెట్టెల్ని తనే లాక్కెళ్తాడు. నడుము వంచిన కోణం, పాదం నేల మీద ఊతం వెతుక్కోవడం చూడండి. లాగేటప్పుడు ఒంటి బరువు పాదాల మీద ఉండదు, పాదాలకు ముందు ఉంటుంది. పాదాలను చేత్తో మూసి చూసినా ‘వీడేదో లాగుతున్నాడు’ అని తెలియాలి. మీ బొమ్మకు ఆ పరీక్ష పెట్టండి.

ఎగరడం, లంఘించడం

1938లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ కామిక్స్‌లో పుట్టించిన సూపర్‌మ్యాన్ ఎగరడు, దూకుతాడు. మన హనుమంతుడు సముద్రం దాటినట్టు ఒక్క లంఘనంలో భవనాలు దాటతాడు. కార్టూన్‌లో అలా దూకుతూ పోతే మిడతలా కనిపించి నవ్వొచ్చిందని, అందుకే ఎగిరేలా మార్చడానికి అనుమతి అడిగారని చెబుతారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మొదటి చిత్రాల్లో ఆ మార్పు పూర్తిగా జరగలేదు. పైకి లేచేముందు మోకాళ్లు వంచుతాడు, నేలను తంతాడు. అంటే ఎగరడం వచ్చాక కూడా దూకడంలోని యాంటిసిపేషన్, అంటే కదలికకు ముందు ఒళ్లు కూడగట్టుకోవడం, ఉంచేశారు. అందుకే ఆ ఎగరడంలో ఒక ఊపు ఉంది. తర్వాతి తరం కార్టూన్లలో హీరో నిలువుగా నిలబడి లిఫ్ట్ ఎక్కినట్టు లేచిపోతాడు. నేల విడిచిన క్షణం కనిపించదు, కాబట్టి గాలిలో ఉన్నాడన్న నమ్మకమూ కుదరదు.

రోటోస్కోప్ వాడారా?

ఈ ప్రశ్న మీరు అడగలేదు గానీ ఎప్పుడూ వస్తుంది. రోటోస్కోప్ అంటే మనిషిని ముందు ఫిల్ము తీసి, ఫ్రేము ఫ్రేముకీ దాని మీద బొమ్మ గీసుకోవడం. దాన్ని కనిపెట్టింది మ్యాక్స్ ఫ్లైషరే, 1917లో పేటెంటు వచ్చింది. కాబట్టి ఇదంతా ట్రేసింగే అని చాలామంది కొట్టిపారేస్తారు. అది నిజం కాదు. 1939లో అదే స్టూడియో తీసిన గలివర్ చిత్రంలో దాన్ని బాగా వాడారు, ఇక్కడ తక్కువ. ఎగిరేవాణ్ణీ, భవనం మోసేవాణ్ణీ ఎక్కడ ఫిల్ము తీస్తారు? ఒంటి నిర్మాణం తెలిసినవాళ్లు చేత్తో గీయాల్సిందే.

నీడలూ వెలుగులూ

ఇంకో డబ్బు గుంట ఇది. ఒక పాత్రకు ఒకే రంగు నింపితే అట్టబొమ్మ. వెలుగు వైపు ఒక రంగు, నీడ వైపు ఒక రంగు పెడితే గుండ్రదనం వస్తుంది. కానీ ఆ రెంటి మధ్య హద్దు గీత ప్రతి బొమ్మలోనూ ఒళ్లు కదిలినట్టే కదలాలి. ఒక్క బొమ్మలో రెండు మిల్లీమీటర్లు తప్పితే తెర మీద నీడ చీమలు పాకినట్టు వణుకుతుంది. డిజిటల్‌లో చేసినా ఈ జబ్బు పోలేదు. మందు ఒక్కటే: ముందు అన్ని కీ బొమ్మల్లోనూ (కదలికలోని ముఖ్యమైన భంగిమల్లో) నీడ హద్దు గీసి, వాటిని మాత్రమే వరసగా తిప్పి చూసుకుని, ఆ తర్వాతే ఇన్‌బిట్వీన్లకు, అంటే వాటి మధ్య నింపే బొమ్మలకు వెళ్లండి. ఇన్‌బిట్వీన్లు అయిపోయాక నీడ కలుపుదాం అనుకుంటే పని మూడింతలవుతుంది.

నేల మీద పడే పారదర్శకమైన నీడ సంగతి వేరు. సెల్ కాలంలో దాన్ని డబుల్ ఎక్స్‌పోజర్‌తో చేసేవాళ్లు. అదే ఫిల్మును రెండుసార్లు నడుపుతారు, ఒకసారి నీడ సెల్ పెట్టి, ఒకసారి తీసేసి. రెండు ఎక్స్‌పోజర్లూ కలిపి మామూలు వెలుగుకు సమానం కావాలి. నీడ పెట్టిన సారి ఎంత ఎక్కువ వెలుగిస్తే నీడ అంత చిక్కగా వస్తుంది. మధ్యలో ఎక్కడ లెక్క తప్పినా షాటు మొత్తం మళ్లీ తీయాలి. సెల్ పొరలు పెరిగేకొద్దీ కింది పొర రంగు మసకబారుతుంది కాబట్టి, ఒకే పాత్ర ఏ పొరలో ఉందో చూసి రంగు కొంచెం మార్చి కలపాల్సి వచ్చేది. ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో ఒపాసిటీ 40 అని పెట్టి వదిలేస్తాం.

క్లార్క్ కెంట్ (సూపర్‌మ్యాన్ మామూలు మనిషిగా తిరిగే వేషం) బట్టలు మార్చుకునే చోట మాత్రం ఈ ఖర్చంతా తెలివిగా తప్పించారు. గాజు తలుపు వెనక నల్లటి నీడ మాత్రమే కనిపిస్తుంది. లోపలి గీతలు లేవు, మొహం లేదు, రంగులు లేవు. గీయడానికి చవక, చూడటానికి అదిరిపోతుంది. ఫోన్ బూత్‌లో మార్చుకోవడం అనే మాట లోకమంతా వాడుకుంటోంది కదా, అది మొదట కనిపించింది రెండో చిత్రం ‘ద మెకానికల్ మాన్‌స్టర్స్’లో. అదీ నీడే.

ఛాతీ మీది గుర్తు కూడా చూడండి. మనకు అలవాటైన పసుపు నేల కాదు, నల్ల నేల మీద ఎర్ర ‘ఎస్’, చుట్టూ పసుపు గీత. చీకటి సీన్లలో పసుపు త్రికోణం దీపంలా వెలిగి కంటిని లాగేసేది. నల్లది కాబట్టి మొహం మీద నుంచి చూపు జారదు. ఎందుకలా పెట్టారన్నది పక్కన పెట్టి, ఫలితం మాత్రం ఇది.

శబ్దం

మీ బాబుకు ఇంగ్లీషు రాకపోయినా కథ ఎందుకు అర్థమైందో ఇక్కడ ఉంది. ఒక్కో చిత్రంలో సూపర్‌మ్యాన్ రంగంలోకి దిగాక మాటలు దాదాపు ఆగిపోతాయి. మిగతా కథంతా శామీ టింబర్గ్ సంగీతం, పగిలే శబ్దాలు, అంతే. పది నిమిషాల కథలో డైలాగులన్నీ ఒక పేజీకి మించవు.

మాట ఉన్నచోట కూడా పనితనం ఉంది. గొంతు బడ్ కాలియర్‌ది, రేడియోలోనూ సూపర్‌మ్యాన్ ఆయనే. ‘ఇది సూపర్‌మ్యాన్ చేయాల్సిన పని’ అనే వాక్యాన్ని క్లార్క్ సన్న గొంతుతో మొదలుపెట్టి, చివరి మాట దగ్గరికి వచ్చేసరికి బొంగురుగా దించేస్తాడు. రూపం మారకముందే మనిషి మారిపోతాడు. మీరు పాత్రలకు డబ్బింగ్ చెప్పించుకునేటప్పుడు ఈ ఒక్క వాక్యం వినిపించండి, పది నిమిషాల ఉపన్యాసం తప్పుతుంది.

క్లార్క్ తోటి విలేకరి లోయిస్ లేన్ గురించి కూడా ఒక మాట. ఆమెను ప్రతిసారీ కాపాడాల్సి వస్తుంది, నిజమే. కానీ ప్రమాదంలోకి ఆమె తోసేయబడదు, తనే వెళ్తుంది. మొదటి చిత్రంలో విమానం తనే నడుపుకుంటూ శాస్త్రవేత్త దగ్గరికి పోతుంది. రైలు కథలో తుపాకీ తీసి దొంగల మీద కాలుస్తుంది. రెండో దాంట్లో వార్త కోసం రోబో పొట్టలో దూరుతుంది. కథ కదిలేది ఆమె వల్లే, అతను వెనక పరిగెడతాడు. పెద్ద రచన లేకపోయినా పది నిమిషాలు నడవడానికి ఆ ఒక్క ఇంజను సరిపోయింది.

ఏవి చూడాలి

నేర్చుకోవడానికైతే మొదటి తొమ్మిదీ. అందులోనూ ఈ వరసలో: రెండోది, మొదటిది, మూడోది, ఆరోది, ఆ తర్వాత నాలుగోది ‘ది ఆర్కిటిక్ జయంట్’. ఈ చివరిది మంచులో గడ్డకట్టిన రాక్షసబల్లి కరిగి ఊరి మీద పడే కథ. గాడ్జిల్లా రావడానికి పన్నెండేళ్ల ముందు సంగతి ఇది.

రెండోదాన్ని ముందు ఎందుకు పెట్టానంటే, తర్వాతి వాళ్లు ఎక్కువగా దోచుకున్నది దాన్నే. రెక్కలుగా మారే చేతులతో ఎగిరే ఆ పొడుగాటి రోబోలను జపాన్ యానిమేషన్ దర్శకుడు హయావో మియజాకీ 1980లో లుపిన్ టీవీ వరస చివరి భాగంలో, మళ్లీ 1986లో లపుటా చిత్రంలో తనదైన రూపంలో వాడుకున్నాడు. 1992లో బ్యాట్‌మ్యాన్ యానిమేటెడ్ వరసను రూపుదిద్దిన బ్రూస్ టిమ్ కూడా ఫ్లైషర్ బాకీ ఒప్పుకున్నవాడే. ఆ వరసలో నేపథ్యాలను నల్ల కాగితం మీద గీశారు, అంటే చీకటి ముందే ఉంది, వెలుగును మాత్రమే పూశారు. పద్ధతి వేరైనా దారి ఇక్కడిదే. ఇంకో ముచ్చట: ఈ మొదటి చిత్రం ఆస్కార్‌కు నామినేట్ అయింది, గెలవలేదు. డిస్నీ ప్లూటో కార్టూన్‌కు వెళ్లింది.

పదో చిత్రం నుంచి గాలి మారుతుంది. 1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగింది. శాస్త్రవేత్తలూ రోబోలూ పోయి గూఢచారులూ విధ్వంసకులూ వచ్చారు. బొమ్మ నాణ్యత ఒక్కసారిగా పడిపోలేదు, కొన్ని చోట్ల యాక్షన్ ఇంకా బాగుంది. కానీ పిల్లలకు ఒంటరిగా చూపించకండి. పదోది ‘జపోటర్స్’ పేరులోనే జపనీయుల మీద తిట్టుంది, మొహాలు కూడా ఎగతాళిగా గీశారు. పన్నెండోది ‘ఎలెవెంత్ అవర్’ యొకొహామాలో నడుస్తుంది, ధోరణి అదే. పదిహేనోది ‘జంగిల్ డ్రమ్స్’లో ఆఫ్రికన్లను చూపించిన తీరు సిగ్గుచేటు. మొదటి తొమ్మిదిలో ఒకటి, ఏడోది ‘ఎలక్ట్రిక్ ఎర్త్‌క్వేక్’, ఇదే తీరున కొంత ఇబ్బంది పెడుతుంది. మాన్‌హటన్ మా పూర్వీకులది, తిరిగి ఇవ్వండి అని అడిగే ఆదివాసీ శాస్త్రవేత్తను అందులో విలన్ చేశారు. అడిగింది న్యాయమే కదా అని మీ బాబు అడిగితే, వాడు కార్టూన్ సరిగ్గానే చూశాడన్నమాట.

ఎలా చూడాలి, ఏం తప్పుతుంది

ఫ్రేము ఫ్రేముగా చూడండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆపి ‘ఇ’ మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది. పక్కన నోటుబుక్కు పెట్టుకుని, ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు నిలిచిందో రాసుకోండి. ఏ ఫ్రేముకు ఏ బొమ్మో రాసే పట్టీని ఎక్స్‌పోజర్ షీట్ అంటారు, మీరు చేసేది దాన్ని వెనక్కి రాయడం. ఇరవై సెకన్ల షాటుకు ఒక సాయంత్రం పడుతుంది, తొందరపడొద్దు.

ఇక్కడే అందరూ పప్పులో కాలేసేది. మీ దగ్గరున్న ఫైలు సెకనుకు 29.97 ఫ్రేములది అయితే మీ లెక్క మొత్తం తప్పు. 24 ఫ్రేముల ఫిల్మును అమెరికా టీవీ కోసం మార్చినప్పుడు నాలుగు ఫ్రేములను ఐదు చేస్తారు. ప్రతి ఐదింటిలో రెండు ఫ్రేముల్లో దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు కనిపిస్తే అదే జబ్బు. రెండు ఫ్రేములు నిలిచిన బొమ్మ ఒకసారి రెండు, ఒకసారి మూడు అని లెక్కకొస్తుంది, ‘వీళ్లు టైమింగ్ ఇంత అడ్డదిడ్డంగా వేశారేంటి’ అనుకుంటారు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఫీల్డ్‌మ్యాచ్, ఆ తర్వాత డెసిమేట్ ఫిల్టర్లు ఈ వరసలోనే వేస్తే 24కు తిరిగొస్తుంది. వరస తిరగేస్తే నిజమైన ఫ్రేములు కూడా ఎగిరిపోతాయి. ఫైలు 25 ఫ్రేములది అయితే అది యూరప్ కాపీ, నాలుగు శాతం వేగంగా నడుస్తుంది, గొంతులు కాస్త సన్నబడతాయి. ఫ్రేము లెక్కకు మాత్రం ఇబ్బంది లేదు.

60 ఫ్రేములు, 4కే అని పేరు పెట్టి ఏఐతో నున్నగా చేసినవి అసలు ముట్టుకోకండి. టూస్ మీద ఉన్న బొమ్మల మధ్య లేని బొమ్మలు పుట్టిస్తాయి. గుద్దు తగిలే చోట కావాలనే ఒక బొమ్మ ఎత్తేసి ఉంటారు, ఆ ఖాళీలోనే దెబ్బ ఉంది. యంత్రం దాన్ని నింపేస్తుంది. దాంతో గుద్దు కాస్తా నిమరడం అవుతుంది.

రంగు గులాబీగా కనిపిస్తే అది వెలిసిపోయిన ప్రింటు. అసలు టెక్నికలర్ ప్రింట్ల రంగులు అంత తొందరగా వెలవవు, టీవీ కోసం తర్వాత వేసిన చవక ఫిల్ము ప్రింట్లే నీలం, ఆకుపచ్చ పోగొట్టుకుని ఎర్రబారతాయి. 2023లో వార్నర్ వాళ్లు శుభ్రం చేసి బ్లూ-రే విడుదల చేశారు. రంగులు బాగున్నాయి గానీ ఫిల్ము గరుకుతో (గ్రెయిన్‌తో) పాటు ఇంకు గీతల చివర్లు కూడా కొన్నిచోట్ల తుడుచుకుపోయాయని చాలామంది గొడవ పెట్టారు. నా సలహా: కథకూ రంగుకూ అది, గీత చదువుకోవడానికి మచ్చలున్నా సరే పాత స్కాన్. రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

చూసింది ఒంటబట్టాలంటే ఒక పని చేయండి. ఒకే మనిషితో ఒకసారి దిండు ఎత్తించండి, ఒకసారి 50 కిలోల బియ్యం బస్తా ఎత్తించండి. సైజు రెంటికీ ఒకటే ఉండాలి, రంగు వేయకూడదు, గీతలే. దిండుకు వంగడం 8 ఫ్రేములు, లేపడం 8, అయిపోయింది. బస్తాకు వంగడం 12, పట్టు సర్దుకోవడం 10, తర్వాత బస్తా కదలకుండా మనిషి మాత్రమే బిగుసుకునే 16 నుంచి 20 ఫ్రేములు. ఈ చివరి భాగం వన్స్ మీద, బొమ్మకూ బొమ్మకూ ఒక మిల్లీమీటరు లోపు తేడాతో. అప్పుడు బస్తా నేల విడవాలి. మొదటి నాలుగు బొమ్మల్లో ఎత్తు 2, 3, 5, 8 మిల్లీమీటర్లు, ఆ తర్వాతే వేగం. పైకొచ్చాక ఒక అడుగు వెనక్కి తూలడం 12 ఫ్రేములు. మామూలుగా జరిగే తప్పు ఏంటంటే, బిగుసుకునే భాగం ‘ఏమీ జరగట్లేదు’ అనిపించి 6 ఫ్రేములకు కుదించేస్తారు. బరువంతా ఉన్నది అక్కడే. కుదించగానే బస్తాలో దూది నింపినట్టు అయిపోతుంది.

కాపీరైట్

లాయరు మాట కాదు, పని చేసేవాళ్లకు తెలిసినంత చెప్తున్నా. ఈ 17 చిత్రాలకూ అమెరికాలో 28 ఏళ్ల తర్వాత చేయాల్సిన రెన్యువల్ చేయలేదు, అవి పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చేశాయి. మన చట్టం ప్రకారం సినిమాకు 60 ఏళ్లు, అదీ ఎప్పుడో దాటింది. కాబట్టి చిత్రాలు చూపించవచ్చు, ముక్కలు కోసి పాఠం చెప్పవచ్చు.

కానీ పాత్ర వేరు, చిత్రం వేరు. సూపర్‌మ్యాన్ పాత్ర మొదటి కామిక్ కాపీరైట్ అమెరికాలో 2033 చివరిదాకా ఉంది, పేరు మీదా ఛాతీ గుర్తు మీదా ట్రేడ్‌మార్కులు ఆ తర్వాత కూడా ఉంటాయి. అంటే ఆ క్లిప్పు మీద మీ వివరణ చెప్పడం ఒక సంగతి, అదే బొమ్మతో మీరు కొత్త కథ అల్లడం, టీషర్టు వేయడం, ఛానెల్ లోగోలో ‘ఎస్’ పెట్టడం ఇంకో సంగతి. మొదటిది చేయండి, రెండోదాని జోలికి పోకండి. యూట్యూబ్‌లో ఆటోమేటిక్ క్లెయిమ్ వస్తే కంగారు పడొద్దు. ఎక్కువగా బ్లూ-రే నుంచి తీసిన ముక్కకే వస్తుంది. పాత స్కాన్ వాడి, ఏ చిత్రం, ఏ సంవత్సరం, ఎందుకు పబ్లిక్ డొమైన్ అన్నది రెండు వాక్యాల్లో రాసి డిస్ప్యూట్ పెట్టండి. వీడియో ఎక్కించేముందే ఆ రెండు వాక్యాలూ రాసి పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.